కొలబద్దగా మారిన కుక్క

2008లో మా ఊరి తెలుగు సంఘం సావనీర్‌లో నా కథ ఒకటి అచ్చయింది. పక్కింట్లో ఒంటరి తెల్లావిడ. ఆవిడకో కుక్క. దానికి పుట్టినరోజు పండుగ, కేకు. ఇండియా నుంచి చూడవచ్చిన ఓ తల్లి కిటికీలోంచి ఇదంతా చూసి, "ఈ దేశంలో కుక్కగా పుట్టినా బాగుండేదిరా" అంటుంది. కథ అక్కడితో అయిపోతుంది. ఉగాది విందులో చాలామంది భుజం తట్టారు. "చివరి వాక్యం అదిరింది" అన్నారు.

ఆ సావనీర్ మా అమ్మకు పంపించాను. చదివి ఫోన్లో ఒక్క మాటే అంది. "బాగానే ఉంది నాన్నా. మీ తాత ఎడ్లను అమ్మేసిన రోజు రెండు పూటలూ అన్నం ముట్టలేదు. ఆ సంగతి కూడా రాయాల్సింది." దానికీ దీనికీ సంబంధమేమిటమ్మా అన్నాను. అమ్మ మాట మార్చేసింది. ఆ సంబంధం నాకు అర్థం కావడానికి పదిహేనేళ్ళు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే. విమర్శ నా కథతోనే మొదలుపెడుతున్నాను కనుక ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

అమెరికా నుంచి మనం రాసే కథల్లో కుక్కకు సాధారణంగా మూడు ఉద్యోగాలుంటాయి. ఒకటి, పిల్లలు పట్టించుకోని తెల్ల ముసలివాళ్ళకు తోడుండటం. రెండు, ప్లాస్టిక్ సంచీ పట్టుకుని కుక్క వెనకాల నడిచే దొరగారిని చూసి మన అమ్మానాన్నలు ముక్కున వేలేసుకునే అవకాశం కల్పించడం. మూడు, మన ఇంట్లో పుట్టిన పిల్ల అమెరికన్ అయిపోయిందని రుజువు చేయడం. ఈ మూడింట్లోనూ కుక్కకు పేరుంటుంది, ఒక్కోసారి జాతి కూడా ఉంటుంది. కానీ దానికి దాహం వెయ్యదు. ఉరుము వింటే మంచం కింద దూరదు. ముసలిదై కీళ్ళు పట్టెయ్యవు. అది మనుషులను కొలవడానికి మనం పట్టుకెళ్ళిన కొలబద్ద. కొలత అయిపోగానే కథలోంచి మాయమైపోతుంది.

నా కథలో ఇంతకంటే పెద్ద తప్పు ఒకటుంది. అందులో 2005 నాటి కత్రినా తుఫాను మీద ఓ పేరా రాశాను. న్యూ ఆర్లీన్స్‌లో కొందరు పెంపుడు జంతువులను వదిలి రామని మునిగిపోతున్న ఇళ్ళలోనే ఉండిపోయారు. బస్సెక్కుతున్న ఓ చిన్నపిల్లవాడి దగ్గర్నుంచి పోలీసు స్నోబాల్ అనే కుక్కను తీసేసుకున్నాడనీ, వాడు వాంతి చేసుకునేదాకా ఏడ్చాడనీ పత్రికల్లో వచ్చింది. "మనుషులు చస్తుంటే కుక్క కోసం ఏడ్చే దేశం" అని నేను వెటకారం చేశాను. ఆ వాక్యానికి కూడా చప్పట్లు పడ్డాయి.

ఈ దేశం మాత్రం ఆ పిల్లవాడి ఏడుపును వెటకారం చెయ్యలేదు. 2006 అక్టోబరులో పెట్స్ యాక్ట్ వచ్చింది. విపత్తు వచ్చినప్పుడు ప్రజలను తరలించే ప్రణాళికల్లో పెంపుడు జంతువులకూ చోటుండాలని అది చెబుతుంది. జంతువును వదిలెయ్యమంటే మనిషి కూడా కదలడని, కుక్కను కాపాడితేనే మనిషి ప్రాణమూ దక్కుతుందని అనుభవం మీద నేర్చుకున్నారు. నా కథ అచ్చయ్యేసరికి ఆ చట్టానికి ఏడాదిన్నర. నేను వెతకనేలేదు. చివరి వాక్యం అదరడానికి ఆ సంగతి అడ్డమే కదా!

ఇది మన వలస కథకులకే ఉన్న జబ్బా అని పాత పుస్తకాలు తిరగేశాను. అనంతామాత్యుడి భోజరాజీయంలో ఆవు-పులి కథ తెలియని తెలుగువాడుండడు. దూడకు పాలిచ్చి వస్తానని మాటిచ్చిన ఆవు తిరిగొస్తుంది, పులి మనసు కరుగుతుంది. చిన్నప్పుడు ఆ కథ విని ఏడ్చాను, ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అయితే ఆ ఆవు మాట్లాడేది మనిషి ధర్మం. పులి కడుపు సంగతి ఎవరూ అడగరు. చిన్నయసూరి నీతిచంద్రికలో నక్కలూ కాకులూ అంతే, మనుషులు తొడుక్కున్న ముఖాలు.

జాషువా 1941లో గబ్బిలం చేత సందేశం పంపినప్పుడు ఒక మార్పు కనిపిస్తుంది. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలాన్ని పిలుస్తాడు. ఇద్దరూ లోకం అశుభమని తోసేసినవాళ్ళే. గబ్బిలం ఇక్కడ కూడా దూతే, ఒప్పుకుంటాను. కానీ ఆ దగ్గరితనం ఎక్కడ్నుంచి పుట్టిందో కవికి తెలుసు.

సూరి నాగమ్మగారి రమణాశ్రమ లేఖల్లో ఇంకో మార్పు ఉంది. 1948 జూన్‌లో ఆశ్రమంలోని ఆవు లక్ష్మి చనిపోయింది. రమణ మహర్షి దాని పక్కన కూర్చుని తలమీద చెయ్యి వేసిన సంగతి ఆవిడ రాశారు. భక్తి సంగతి పక్కన పెట్టి చదివినా అక్కడ ఒక ఆవు చనిపోతోంది. అది దేనికీ గుర్తు కాదు, ఆవే.

నేను కంప్యూటర్లవాణ్ణి. సిస్టమ్ కట్టేముందు వాడేవాడికి ఏం కావాలో కనుక్కోకపోతే ఏమవుతుందో రోజూ చూస్తుంటాను. జంతువుల విషయంలో ఆ కనుక్కునే పని బ్రిటన్‌లో జరిగింది. 1964లో రూత్ హారిసన్ 'యానిమల్ మెషీన్స్' అనే పుస్తకం రాసింది. కోళ్ళనూ దూడలనూ యంత్రాల్లా పెంచే పద్ధతిని బయటపెట్టింది. గొడవ పెద్దదై ప్రభుత్వం బ్రాంబెల్ కమిటీని వేసింది. జంతువు లేవగలగాలి, పడుకోగలగాలి, వెనక్కి తిరగగలగాలి, ఒళ్ళు శుభ్రం చేసుకోగలగాలి, కాళ్ళు చాపుకోగలగాలి అని 1965లో ఆ కమిటీ చెప్పింది. 1979 నాటికి అవే పంచ స్వేచ్ఛలయ్యాయి. ఆకలిదప్పులు ఉండకూడదు. ఇబ్బంది ఉండకూడదు. నొప్పి, గాయం, రోగం ఉండకూడదు. తన జాతి సహజంగా చేసే పనులు చేసుకునే వీలుండాలి. భయం, వేదన ఉండకూడదు.

ఈ ఐదింటినీ కథలకు పెట్టి చూడొచ్చని నాకనిపించింది. కథలో జంతువు సుఖంగా ఉండాలని కాదు. ఈ ఐదింట్లో కనీసం ఒక్కటైనా దానికి దక్కిందో లేదో కథకుడికి తెలియాలి. నా కథ ఐదింట్లోనూ తప్పింది.

ఈ పరీక్షలో పూర్తిగా నెగ్గిన తెలుగు పుస్తకం నాకు తెలిసి కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'. పందులు మేపే ముసలివాడు. ఈనడానికి అడవిలోకి పోయిన ఆడపందిని వెతుక్కుంటూ రాత్రిపూట బయల్దేరతాడు. చుట్టూ నక్కలు. హెమింగ్వే ముసలివాడితో పోల్చి ఈ నవలను మెచ్చుకోవడం రివాజు. ఆ పోలికలో పంది తప్పిపోతుంది. ఈనిన పంది తనను పెంచినవాణ్ణే దగ్గరికి రానివ్వదు. ఇన్నేళ్ళ గంజీ తవుడూ ఆ క్షణాన దానికి లెక్కలేదు, పిల్లలే లెక్క. ముసలివాడికి అది కృతఘ్నత కాదు, పంది స్వభావం. ఇద్దరి మధ్యా ప్రేమ ఉంది, భయం ఉంది, జీవనాధారం ఉంది. ఒకదాన్నొకటి చెరిపెయ్యవు. ముగింపు చెప్పను. చదవనివారు చదవాలి.

ఇప్పుడు ఇదే పందిని అమెరికాకు తీసుకురండి. కుక్కకు కేకు కోసే దేశంలోనే లక్షలాది ఆడపందులు వెనక్కి తిరగడానికి వీల్లేని ఇనుప బోనుల్లో చూలు మోస్తాయి. 2018లో కాలిఫోర్నియా ఓటర్లు ప్రొపొజిషన్ 12ను నెగ్గించారు. చూలు పందికి కనీసం 24 చదరపు అడుగుల చోటివ్వకపోతే ఆ మాంసం తమ రాష్ట్రంలో అమ్మకూడదన్నారు. వ్యాపారులు కోర్టుకెక్కారు. 2023లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. అమెరికావాడికి జంతువుల మీద అతిప్రేమ అని రాసిన నేను, 24 చదరపు అడుగుల కోసం ఇంత పోరాటం జరిగే దేశాన్ని చూడలేదు. మన కథల్లో ఆ పంది ఎక్కడా నాకు కనిపించలేదు. అది మన కిటికీలోంచి కనబడదు మరి.

ఇక మా తాత ఎడ్లు. తాతకు అవంటే ప్రాణం. తనకంటే ముందు వాటికి కుడితి. అదే తాత చేతిలో ములుగర్ర కూడా ఉండేది. బండి బురదలో దిగబడితే పొడిచేవాడు, రాత్రి ఆ గాయానికి పసుపు పెట్టేవాడు. జంతువులను హింసించకూడదని రుక్మిణీదేవి అరండేల్ 1950లలో రాజ్యసభలో బిల్లు పెడితే 1960లో చట్టం వచ్చింది. కొట్టడం, మోయలేని బరువు మోయించడం నేరమంది. మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయల దాకా ఉండొచ్చని రాసింది. మా తాతకు ఆ చట్టం సంగతి తెలియదు. ఊళ్ళోకి ట్రాక్టరొచ్చాక ముసలి ఎడ్లను సంతకు తోలాడు. కొన్నవాడు వాటిని ఎక్కడికి తోలుకుపోతాడో ఆయనకు తెలుసు. తెలిసే అమ్మాడు. అన్నం ముట్టలేదు.

అమ్మ రాయమన్నది ఇదన్నమాట. మేము జంతువులను గొప్పగా చూసుకున్నామని రాయమనలేదు. నేను నవ్వుకున్న తెల్లావిడా, మా తాతా ఒకే చిక్కులో ఉన్నారు. ప్రేమ ఇద్దరికీ ఉంది. ఒకరికి కుక్కకు కేకు తినిపించే స్తోమతుంది, ఇంకొకరికి ముసలి ఎడ్లకు గడ్డి వేసే స్తోమత లేదు. ఈ రెంటి మధ్య ఉన్న దూరం సంస్కృతిది అనుకుని నేను కథ రాశాను. అందులో చాలా భాగం డబ్బుది, కొంత చట్టానిది.

పదిహేనేళ్ళ తర్వాత ఆ కథను మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. తెల్లావిడ ఉంది, కుక్క ఉంది, కిటికీ ఉంది. ఈసారి కుక్కకు పదమూడేళ్ళు, మెట్లెక్కలేదు. కిటికీలోంచి చూస్తున్న తల్లికి వాళ్ళ నాన్న ఎడ్లు గుర్తొచ్చాయి. తలుపు తీసుకుని బయటకు వెళ్ళింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, తెల్లావిడకు తెలుగు రాదు. ఇద్దరూ కలిసి కుక్కను మెట్లెక్కిస్తున్నారు. చివరి వాక్యం ఇంకా దొరకలేదు. అదరకపోయినా ఫరవాలేదు.