అవతలి కొస

ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో నేమ్డ్ పైపుల ప్రయోగం ఉన్న రోజు ‘హ్యాంగ్ అయింది సార్’ అన్న మాట వినకుండా ఇల్లు చేరను. సర్వర్ ప్రోగ్రాం నడుపుతారు. తెర మీద కర్సర్ మిణుకుమంటూ ఉంటుంది, ఇంకేమీ కదలదు. కంట్రోల్-సీ కొట్టేయడానికి వేళ్లు సిద్ధం. ‘ఆగమ్మా, పక్క టెర్మినల్లో క్లయింటును నడుపు’ అంటాను. నడపగానే సర్వర్‌కు మెలకువ వస్తుంది. నేమ్డ్ పైపును చదవడానికి తెరిచిన ప్రోగ్రాంను, అవతల ఎవరో ఒకరు రాయడానికి తెరిచేదాకా కెర్నెల్ ఓపెన్ దగ్గరే నిద్రపుచ్చుతుంది. హ్యాంగ్ అంటే అదే!

ప్రోగ్రాములను తోటకు నీళ్లు పెట్టే గొట్టాల్లా ఒకదానికొకటి బిగించుకునే వీలుండాలని బెల్ ల్యాబ్స్‌లో డగ్ మెకిల్రాయ్ 1964లోనే రాసిపెట్టారు. ఏళ్ల తరబడి ఆయన పోరగా పోరగా 1973లో కెన్ థాంప్సన్ దాన్ని యూనిక్స్‌లో ఒక్క రాత్రిలో పెట్టేశారు. షెల్లులో మనం కొట్టే నిలువు గీత అదే. కానీ దానికి పేరు లేదు. ఫోర్క్‌తో పుట్టిన పిల్లలకు వారసత్వంగా అందాల్సిందే. చుట్టరికం లేని క్లయింటు, సర్వర్ కలవాలంటే డైరెక్టరీలో ఒక పేరు కనబడాలి. నేమ్డ్ పైపు అందుకే.

సర్వర్‌కు అందరికీ తెలిసిన పైపు ఒకటి. అడిగేవాళ్లంతా అందులోనే రాస్తారు. మరి జవాబు? అదే పైపులో వేస్తే ఎవరిది ఎవరు చదువుకుపోతారో తెలియదు. అందుకని క్లయింటు ముందుగా తన పీఐడీ పేరు మీద సొంత పైపు చేసుకుని, ఆ పీఐడీని అర్జీలో కలిపి పంపుతుంది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు సొంత అడ్రసు రాసి స్టాంపు అంటించిన కవరు జతచేసేవాళ్లం, అలాగన్నమాట. అర్జీలు చిన్నవైతే ఒకదాన్లో ఒకటి కలవవు. లినక్స్‌లో ఆ హద్దు 4096 బైట్లు. పోజిక్స్ కనీసం 512కు హామీ ఇస్తుంది.

ఈ ప్రయోగం మొత్తంలో నాకు ముద్దొచ్చే లైను ఒకటుంది. రాసేవాళ్లలో చివరి క్లయింటు కూడా మూసేసి వెళ్లిపోతే రీడ్ సున్నా తెస్తుంది. ఇక ఎవరూ రారనుకుని సర్వర్ దుకాణం కట్టేస్తుంది. అలా జరగకుండా సర్వర్ తన పైపునే రాయడానికి కూడా తెరిచి పెట్టుకుంటుంది. అందులో ఒక్క బైటూ రాయదు. రాసే కొస ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంటుంది కనక ఫైలు ముగిసిందన్న కబురే రాదు. రికార్డులో ఈ లైను పక్కన ఎందుకో రాసినవాళ్లకు నేను మార్కులు దాచుకోను.

మర్యాద తెలిసిన క్లయింట్లతో ఏ సర్వరైనా బాగానే నడుస్తుంది. అర్జీ పంపి, తన పైపును చదవడానికి తెరవని క్లయింటుతోనే చిక్కు. జవాబు రాయబోయిన సర్వర్ అక్కడే నిద్రలోకి జారుతుంది, వెనక వరసంతా ఆగిపోతుంది. తెరిచి, మధ్యలో చచ్చిపోయే రకం ఇంకొకటి. చదివేవాళ్లు లేని పైపులో రాస్తే సిగ్‌పైప్ సిగ్నల్ వస్తుంది, ముందే ఏర్పాటు చేసుకోకపోతే సర్వర్ ప్రాణమే పోతుంది. ఆ సిగ్నల్‌ను ఇగ్నోర్ చేసి, రైట్ తెచ్చే ఎర్రర్‌ను చూసుకుంటే ఈ రెండో గండం గడుస్తుంది. మొదటిది అంత సులువు కాదు. నాన్‌బ్లాక్‌లో తెరిస్తే అవతల చదివేవాళ్లు లేరని ఎర్రర్ వస్తుంది, నిజమే. కానీ కాస్త ఆలస్యంగా తెరిచే మంచి క్లయింటుకూ అదే శిక్ష. ఒక్కో జవాబుకూ ఒక పిల్ల ప్రాసెస్‌ను ఫోర్క్ చేయడం నాకు నచ్చిన దారి. అందులోనూ అల్లరి క్లయింటు అడుగుతూనే ఉండి ఎప్పుడూ చదవకపోతే, నిద్రపోయే పిల్లలు పేరుకుపోతారు. వైవాలో ఎవరైనా ‘అలారం పెట్టి లేపుతాను సార్’ అంటే, ఎన్ని సెకన్లకు అని అడుగుతాను.