తవ్వకముందే నేలను చదివే పటం

మదనపల్లె గుట్టల మీద పడిన వాన బాహుదాలో కలిసి పెన్న వైపు సాగుతుంది. కుప్పం పొలాల మీద పడినది పాలారు దారి పడుతుంది. నీటి దారులు వేరైనా అంతటా అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ జాతి గట్టి రాయే. పైన ఎర్రనేల, దాని కింద గరుసు, ఆ కింద బండ. గరుసులోనూ బండ పగుళ్లలోనూ ఇంకినంత నీరే బోర్లకు దక్కేది. అందుకే ఇక్కడ కుంట ఎక్కడ తవ్వాలన్నది పెద్ద ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు వెతికే పనిముట్టు క్లార్ట్ అనే ఆండ్రాయిడ్ యాప్. దీన్ని తయారుచేసిన ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ 2001లో గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రంగా మొదలైంది. మదనపల్లె ప్రాంతపు పల్లెల్లో ఉమ్మడి భూముల మీద, నీటి మీద పనిచేస్తున్న సంస్థ ఇది.

యాప్‌లోని పటం పొరలు పొరలుగా తయారైంది. మొదటిది రాయి: అది నీటిని లోపలికి రానిస్తుందా, లేదా? రెండోది పగుళ్ల గీతలు. తిన్నగా సాగే వంకలను, ఎండల్లోనూ వరుసగా పచ్చగా నిలిచే చెట్లను ఉపగ్రహ చిత్రాల్లో చూసి, కింద పగులు ఉండొచ్చని గుర్తిస్తారు. మూడోది వాలు, నాలుగోది వంకల అల్లిక, ఐదోది నేల వాడకం: సాగా, బీడా, అడవా.

పనితనమంతా ఈ పొరలను కలపడంలో ఉంది. ఒకే వాలున్న రెండు చోట్లు తీసుకుందాం. ఒకచోట పగిలిన రాయి మీద గరుసు మందంగా ఉంది. అక్కడ ఊటకుంట కడితే నీరు కిందికి దిగి చుట్టుపక్కల బావులకు చేరుతుంది. రెండోచోట పగులు లేని బండ. అక్కడ నీరు ఇంకదు కాబట్టి పైనే నిలిపి పశువులకో పైరుకో వాడుకోవాలి. నిటారు వాలులో రెండూ కుదరవు. అక్కడ కందకాలు తీసి, చెట్టూ గడ్డీ పెంచి మట్టిని ఆపాలి.

డోలరైటు డైకుల సంగతి మరీ ఆసక్తికరం. గ్రానైటును చీల్చుకుని నిలువుగా లేచిన ఈ నల్లరాతి గోడలు భూమిలోపలి కట్టల్లా పనిచేస్తాయి. గోడకు ఎగువన బావిలో నీరుంటే, దిగువన కొద్ది దూరంలోనే బోరు ఎండిపోవచ్చు. పైనుంచి చూస్తే రెండు పొలాలూ ఒకేలా కనిపిస్తాయి.

ఇంత లెక్కా చివరికి తెరమీద కొన్ని రంగులుగా మారుతుంది. చేతిలో ఫోన్‌తో చేనులో నిలబడితే జీపీఎస్ ఆ చోటు ఏ రంగులో ఉందో చూపిస్తుంది. దాన్నిబట్టి ఉపాధి హామీలో ఏ పని పెట్టుకోవాలో గ్రామసభ మాట్లాడుకోవచ్చు. ఏ వంక ఎన్నాళ్లు పారేదో, ఏ బావి ఎప్పుడు ఎండిందో ఊరి పెద్దలకు తెలుసు. ఆ ఎరుక కూడా తోడైతేనే నిర్ణయం గట్టిపడుతుంది.

భూగర్భ శాస్త్రవేత్త చూపును ఊరివాళ్ల చేతికి అందించడమే ఈ పనిముట్టు గొప్పతనం. ఒక ప్రాంతపు నేల భద్రత ఇలా ఊరూరా సరైన చోట పడే గునపం దెబ్బలతోనే కూడుతుంది.