ఐరోపా హరిత, డిజిటల్ ఆర్థికవిధానాల్లో పౌరసమాజం పాత్ర: విశాఖపట్నం నుంచి ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఐరోపా సమాఖ్య తన ఆర్థికవిధానాలను రూపొందించేటప్పుడు పౌరసమాజాన్ని సంప్రదించడం ఒప్పందాలు నిర్దేశించిన పద్ధతి. అయితే ఆ విధానాల ప్రభావం ఐరోపా సరిహద్దుల దగ్గర ఆగడం లేదు. ఉక్కుపై కార్బన్ రుసుము దీనికి ప్రధాన ఉదాహరణ. ఐరోపా సంప్రదింపు వ్యవస్థను విశాఖపట్నం ప్రజా ఉద్యమాల అనుభవంతో పోల్చి, రెండింటి పరిమితులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: పౌరసమాజం, ఐరోపా సమాఖ్య, కార్బన్ సరిహద్దు సర్దుబాటు, విశాఖ ఉక్కు, ప్రజాభిప్రాయ సేకరణ, డేటా కేంద్రాలు.

1. ఉపోద్ఘాతం

‘పౌరసమాజం’ అనే మాట తెలుగు పరిశోధనల్లో ఇప్పుడు విరివిగా వాడుతున్నాం. విశాఖపట్నంలో ఈ మాటకు సమానమైన ఆచరణ చాలాకాలంగా వేరే పేర్లతో సాగుతోంది. పోరాట కమిటీ, పరిరక్షణ సమితి, నిర్వాసితుల సంఘం అనేవి ఆ పేర్లు. ఐరోపాలో పౌరసమాజం అంటే ప్రభుత్వం సంప్రదించే వర్గం. విశాఖలో అది ప్రభుత్వం సంప్రదించనప్పుడు వీధిలోకి వచ్చే వర్గం. ఈ భేదాన్ని గమనించకుండా ఐరోపా నమూనాను ఆదర్శంగా స్వీకరించడం గాని, వలసవాదంగా కొట్టిపారేయడం గాని సరైన విమర్శ కాదు.

2. ఐరోపాలో పౌరసమాజ స్థానం

1957 నాటి రోమ్ ఒప్పందం ద్వారా ఐరోపా ఆర్థిక, సామాజిక సమితి ఏర్పడింది. ఇందులో 329 మంది సభ్యులు యజమానులు, కార్మికులు, పౌరసంస్థలు అనే మూడు వర్గాలుగా ఉంటారు. అనేక ఆర్థిక, సామాజిక చట్టాల ప్రతిపాదనలపై ఈ సమితి అభిప్రాయం తీసుకోవడం తప్పనిసరి. అంతేగాక కనీసం 7 సభ్యదేశాల నుంచి 10 లక్షల మంది పౌరులు సంతకాలు చేస్తే, చట్టం తెమ్మని కమిషన్‌ను కోరవచ్చు.

ఈ ఏర్పాటుకు పరిమితి కూడా ఉంది. సమితి అభిప్రాయం సలహా మాత్రమే. అది ఎవరినీ కట్టడి చేయదు. కంపెనీల పర్యావరణ, మానవహక్కుల బాధ్యతకు సంబంధించిన ఆదేశం 2024లో అమల్లోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలోనే కమిషన్ దానిని సడలించే ప్రతిపాదనలు తెచ్చింది. తగిన సంప్రదింపులు జరపలేదని పౌరసంస్థలు ఐరోపా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయగా, ప్రక్రియలో లోపాలున్నట్లు అంబుడ్స్‌మన్ నిర్ధారించారు. ఆసనం ఉన్నంత మాత్రాన ప్రతిసారీ మాట చెల్లుతుందని దీనిని బట్టి చెప్పలేం. అయితే సంప్రదించకపోవడాన్ని తప్పుగా నమోదు చేయగల వ్యవస్థ అక్కడ ఉందనేది కూడా గమనించదగ్గ అంశం.

3. సరిహద్దు దాటిన విధానం, దాటని సంప్రదింపు

కార్బన్ సరిహద్దు సర్దుబాటు నిబంధనను ఐరోపా సమాఖ్య 2023 మే నెలలో ఆమోదించింది. ఉద్గారాల వివరాలు సమర్పించే దశ 2023 అక్టోబరు 1న మొదలైంది. రుసుము బాధ్యత 2026 జనవరి 1 నుంచి వర్తిస్తుంది. ఇనుము-ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, విద్యుత్తు, హైడ్రోజన్ దీని పరిధిలో ఉన్నాయి. ఆర్థిక, సామాజిక సమితి అభిప్రాయాన్ని పరిగణించినట్లు ఆ నిబంధన పీఠికలోనే ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యంలో చోటు దొరికింది ఐరోపా కార్మికుడికే గాని, ఐరోపాకు ఉక్కు పంపే దేశాల కార్మికుడికి కాదు.

విశాఖ ఉక్కు కర్మాగారం ప్రధానంగా దేశీయ విపణికే సరఫరా చేస్తుంది గనుక ఈ రుసుము భారం దానిపై నేరుగా పడేది తక్కువే. కాని బొగ్గు, కోకు ఆధారిత బ్లాస్ట్ ఫర్నేస్ పద్ధతికి పోటీలో విలువ తగ్గించే ప్రమాణంగా ఇది మారుతోంది. భారత ఉక్కు మంత్రిత్వశాఖ 2024 డిసెంబరులో హరిత ఉక్కుకు ప్రమాణాలు ప్రకటించి, టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లోపు అనే హద్దు పెట్టింది. ఈ మార్పుకు పెట్టుబడి కావాలి. ఐరోపా తన బొగ్గు ప్రాంతాల కోసం 2018 ధరల్లో సుమారు 1,750 కోట్ల యూరోల న్యాయపరివర్తన నిధిని ఏర్పరచుకుంది. సరిహద్దు రుసుము రాబడిని ఎగుమతి దేశాల కర్మాగారాల మార్పుకు కేటాయించే నియమం మాత్రం ఆ నిబంధనలో లేదు.

కమిషన్ జరిపే బహిరంగ సంప్రదింపుల్లో అన్యదేశస్థులు కూడా పాల్గొనవచ్చు కదా అనే సమాధానం ఉంది. అది నిజమే. కాని ఐరోపా అధికార భాషలు 24; గాజువాక కార్మికుడు వాటిలో ఒకదానిలో తన అభిప్రాయాన్ని రాసి పంపాలి. పంపగలగడం వేరు, లెక్కలోకి రావడం వేరు.

4. విశాఖ అనుభవం: హక్కు ఉంది, ఆసనం లేదు

‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అనే నినాదంలోని కీలకపదం ‘హక్కు’. 1966లో టి. అమృతరావు నిరాహారదీక్షతో ఉద్ధృతమైన ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని చరిత్ర చెబుతుంది. 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు; 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. భూములిచ్చిన కుటుంబాలకు ఇచ్చిన ‘ఆర్ కార్డులు’ ఉపాధి హామీకి గుర్తులుగా మిగిలి, నేటికీ నిర్వాసితుల పోరాటానికి ఆధారంగా ఉన్నాయి.

2021 జనవరి 27న ఈ సంస్థలో నూరుశాతం పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. దానికి ముందు కార్మికులను గాని, నిర్వాసితులను గాని బహిరంగంగా సంప్రదించలేదు. 2014లో కేంద్రం ప్రకటించిన ముందస్తు సంప్రదింపు విధానం చట్టాల ముసాయిదాలకు ఉద్దేశించింది. ఇటువంటి కార్యనిర్వాహక నిర్ణయాలకు వర్తించదు. కూర్మన్నపాలెం దీక్షాశిబిరం ఆ ఖాళీలో వెలసిన వేదిక. 2025 జనవరిలో కేంద్రం రూ. 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించడం వెనుక ఈ ఒత్తిడి కూడా ఒక కారణంగా భావించవచ్చు. ఏ ఆసనమూ లేని ఉద్యమం విధానాన్ని కదిలించింది. కాని అందుకు సంవత్సరాల తరబడి దీక్షలు అవసరమయ్యాయి.

మనకు చట్టబద్ధంగా ఉన్న వేదిక 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ. అది ప్రాజెక్టు దశకు చెందినది, విధానదశకు కాదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వెలువడి 12 మంది మరణించారు. ఆ సంస్థకు ఉండవలసిన పర్యావరణ అనుమతి లేదన్న విషయం చాలామందికి ప్రమాదం తర్వాతే తెలిసింది. అదే సంవత్సరం ఆ నోటిఫికేషన్‌కు కొత్త ముసాయిదా వచ్చినప్పుడు, దానిని రాజ్యాంగ 8వ షెడ్యూలులోని భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. బ్రసెల్స్‌లో తెలుగు లేదని విమర్శించే ముందు, మన పాలనలో తెలుగు స్థానాన్ని కూడా ప్రశ్నించుకోవలసి ఉంది.

5. డిజిటల్ దశ

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 5 సంవత్సరాల్లో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాట్ స్థాయి కృత్రిమమేధ కేంద్రాన్ని ప్రకటించింది. నీరు, విద్యుత్తు, భూమి విషయంలో మానవ హక్కుల వేదిక వంటి సంస్థలు ప్రశ్నలు లేవనెత్తాయి. 2023 ఐరోపా ఇంధన సామర్థ్య ఆదేశం ప్రకారం 500 కిలోవాట్లు, అంతకుమించిన డేటా కేంద్రాలు, వ్యాపార రహస్యాలు మినహా, తమ ఇంధన, నీటి వినియోగ వివరాలను వెల్లడించాలి. ఒక గిగావాట్ అంటే ఆ హద్దుకు 2,000 రెట్లు. మన 2006 నోటిఫికేషన్‌లో డేటా కేంద్రాలకు ప్రత్యేక వర్గం లేదు. భవన నిర్మాణాల వర్గం కింద పరిశీలిస్తే ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు లభిస్తుంది. ఉక్కు కర్మాగారం పొగ కంటికి కనిపించేది. డేటా కేంద్రం వాడే నీటిని లెక్కల్లో తప్ప చూడలేం. అందుకే ఇక్కడ సమాచార హక్కు మరింత కీలకం.

6. ముగింపు

ఐరోపా పౌరసమాజానికి ఆసనం ఉంది, నిర్ణయాధికారం లేదు. విశాఖ పౌరసమాజానికి హక్కుల చైతన్యం ఉంది, ఆసనం లేదు. ఈ పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు చేయవచ్చు. మొదటిది: ఇతర దేశాల ఉపాధిపై ప్రభావం చూపే నిబంధన చేసేటప్పుడు ఆయా పారిశ్రామిక నగరాల కార్మికసంఘాలను వారి భాషలోనే విని, రాబడిలో వాటా ఇవ్వాలి. రెండవది: ప్రభుత్వ సంస్థల విక్రయం, భారీ డేటా కేంద్రాల విషయంలో ఒప్పందం కుదరకముందే వివరాలు తెలుగులో ప్రచురించి అభిప్రాయం తీసుకోవాలి.

మూడవది పరిశోధకులకు సంబంధించినది. ఐరోపా సమితి ఇచ్చిన అభిప్రాయాలన్నీ భద్రంగా ఉన్నాయి. విశాఖ ఉద్యమాల కరపత్రాలు, వినతిపత్రాలు, ప్రజాభిప్రాయ సేకరణల్లో రైతులు, మత్స్యకారులు చెప్పిన మాటలు చెదిరిపోతున్నాయి. వాటిని విధానపత్రాలుగా గుర్తించి, సేకరించి, చదవకపోతే, ఈ నగరం ఎన్నడూ ఏమీ అడగలేదని రేపటి చరిత్ర రాసుకునే ప్రమాదం ఉంది.