'స్లాప్ షాట్' చిత్రం: వీరాభాసం, హాస్యం, శ్రామిక జీవితం

సారాంశం:

జార్జ్ రాయ్ హిల్ దర్శకత్వంలో 1977లో విడుదలైన 'స్లాప్ షాట్' అమెరికాలోని ఒక దిగువస్థాయి ఐస్ హాకీ జట్టు కథను చెప్పే హాస్యచిత్రం. ఇది హింసను పరిహసించిందా, హింసనే వినోదంగా అమ్మిందా అన్న ప్రశ్నకు అలంకారశాస్త్ర పరిభాష సహాయంతో సమాధానం వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం:

శృంగారం నుండి హాస్యం పుడుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. అభినవగుప్తుడు ఈ సూత్రాన్ని విస్తరించి, ఏ రసమైనా అనౌచిత్యం చేత ఆభాసమైనప్పుడు హాస్యానికి విభావం కాగలదన్నాడు. క్రీడాచిత్రాలకు ఈ మాట చక్కగా వర్తిస్తుంది. వాటిలో అంగిరసం సాధారణంగా వీరమే. ఓడిపోతున్న జట్టు పట్టుదలతో గెలవడం వాటి కథాచట్రం. 'స్లాప్ షాట్' ఈ చట్రాన్ని స్వీకరిస్తూనే అందులోని ఉత్సాహాన్ని తప్పుడు ఆలంబనం మీద నిలుపుతుంది. ఫలితంగా వీరం వీరాభాసమై హాస్యంగా పరిణమిస్తుంది.

2. కథ - నేపథ్యం:

కల్పిత పట్టణమైన చార్లెస్‌టౌన్‌లో ఉక్కు కర్మాగారం మూతపడబోతోంది. 10,000 మంది కార్మికుల ఉపాధి పోనుంది. కార్మికులే ప్రేక్షకులు కాబట్టి 'చీఫ్స్' అనే హాకీ జట్టుకూ అదే గతి. ఆటగాడూ శిక్షకుడూ అయిన రెజీ డన్‌లాప్ (పాల్ న్యూమన్) వయసు మీరినవాడు. ఆట తప్ప మరో పని తెలియనివాడు. ఫ్లోరిడా నుండి ఎవరో జట్టును కొనబోతున్నారనే పుకారును అతడే పుట్టించి, ఒక పత్రికా విలేకరి ద్వారా ప్రచారం చేయిస్తాడు. మైదానంలో కొట్లాటలు పెరిగేకొద్దీ జనం పెరుగుతారు, విజయాలూ వస్తాయి.

రచయిత్రి నాన్సీ డౌడ్. ఆమె సోదరుడు నెడ్ డౌడ్ పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ జెట్స్ జట్టులో ఆడేవాడు. అతడు ఆటగాళ్ల గదిలో ధ్వనిముద్రణ చేసి పంపిన సంభాషణలు ఆమె రచనకు ముడిసరుకు అయ్యాయి. చిత్రీకరణ కూడా ప్రధానంగా ఉక్కు పట్టణమైన జాన్స్‌టౌన్‌లోనే జరిగింది. చిత్రం విడుదలైన సంవత్సరమే అసలు జెట్స్ జట్టు కూడా మూతపడింది.

3. వీరాభాసం - హాన్సన్ సోదరులు:

జట్టులోకి కొత్తగా వచ్చిన హాన్సన్ సోదరులు ముగ్గురూ దళసరి కళ్లద్దాలతో, పెట్టెలనిండా బొమ్మకార్లతో దిగుతారు. వికృత వేషం, వికృత చేష్ట హాస్యవిభావాలని లాక్షణికులు చెప్పినదానికి వీరు సరిపోయే ఉదాహరణ. వీరి చేతిలో ప్రత్యర్థి చావుదెబ్బలు తింటాడు. వీరి మనసులో మాత్రం ద్వేషం కనిపించదు. క్రోధమనే స్థాయి లేని రౌద్రం ఇది. ఆట మొదలుకాక ముందే కొట్లాట జరిగిపోయి, నెత్తురోడుతున్న ముఖాలతో అందరూ జాతీయగీతానికి నిలబడే సన్నివేశం ఇందుకు పరాకాష్ఠ. అప్పుడు హెచ్చరించబోయిన రిఫరీనే ఒక సోదరుడు గీతం విననివ్వమని గద్దిస్తాడు. మర్యాద, అమర్యాద తలకిందులైన ఈ చోట నవ్వుతోపాటు అసౌకర్యమూ కలుగుతుంది.

ఈ పాత్రలకు జెట్స్ ఆటగాళ్లైన ముగ్గురు కార్ల్‌సన్ సోదరులు ఆధారం. వారిలో జెఫ్, స్టీవ్ స్వయంగా నటించారు. మూడవవాడైన జాక్‌కు పైస్థాయి లీగ్ నుండి పిలుపు రావడంతో ఆ స్థానాన్ని డేవ్ హాన్సన్ భర్తీ చేశాడు. చిత్రంలోని పాత్రలు జీవితమంతా ఎదురుచూసే పిలుపు అది.

4. యాజమాన్యం - సిగ్గు:

చిత్రారంభంలో గోల్‌కీపర్ ఒక దూరదర్శన్ ముఖాముఖిలో ఆట నియమాలు వివరిస్తాడు. తప్పుచేసినవాడు శిక్షాస్థానంలో కూర్చుని, సిగ్గుపడి, తర్వాత విడుదలవుతాడన్నది అతని వివరణ సారం. కథ ఈ సూత్రాన్ని క్రమంగా రద్దుచేస్తుంది. సిగ్గుపడవలసిన పనికి చప్పట్లు, టికెట్ డబ్బులు లభిస్తాయి.

అసలు సిగ్గు ఎవరికి ఉండాలన్న ప్రశ్నకు జట్టు యజమానురాలి సన్నివేశం జవాబిస్తుంది. ఆమె హింసాత్మకమైన ఈ ఆటను తన పిల్లలను చూడనివ్వదు. జట్టును అమ్మగలిగినా, నష్టం చూపి పన్ను తగ్గించుకోవడమే లాభదాయకమని మర్యాదగా చెబుతుంది. ఇక్కడ ఒక్క దెబ్బా పడదు, గొంతు పెరగదు. కాని చిత్రంలోని అతి పెద్ద హింస ఇదే. కొట్లాటలు కొందరి పళ్లు రాలగొట్టాయి. ఈ లెక్క అందరి బతుకునూ తుడిచిపెట్టింది. హాస్యం తాత్కాలికంగా ఆగిపోయే ఈ ఘట్టమే మొత్తం హాస్యానికి అర్థాన్నిస్తుంది.

5. పతాక సన్నివేశం:

నిజం తెలిసిన డన్‌లాప్ చివరి ఆటను పాతకాలపు పద్ధతిలో, నిజాయితీగా ఆడదామంటాడు. పైస్థాయి జట్ల పరిశీలకులు వచ్చారని మేనేజర్ చెప్పగానే ఆ సంకల్పం కూలిపోతుంది. అందరూ తన్నుకుంటుండగా, మొదటినుండీ కొట్లాటను నిరాకరించిన నెడ్ బ్రేడెన్ మంచుపై తిరుగుతూ ఒక్కొక్క వస్త్రమే విప్పుతాడు. నెత్తురు చూసి చలించని ప్రత్యర్థి నాయకుడు నగ్నతను చూసి మండిపడతాడు. దాన్ని ఆపనందుకు రిఫరీని కొడతాడు. ఆ తప్పుతో ఆట చీఫ్స్ పరమవుతుంది. విజయం వచ్చింది, పరాక్రమం వల్ల కాదు. సిగ్గు అనే భావం ఎంత తప్పుచోట నిలిచిందో చూపడం వల్ల ఈ ముగింపు కేవల ప్రహసన స్థాయిని దాటింది.

6. పరిమితులు:

ఈ విమర్శదృష్టి చిత్రమంతటా సమానంగా లేదు. ఒక స్త్రీ ఏకాంతంలో నమ్మి చెప్పిన తన స్వలింగానురక్తిని డన్‌లాప్ మైదానంలో ఆమె భర్తను రెచ్చగొట్టే ఆయుధంగా వాడతాడు. చిత్రం ఆ నమ్మకద్రోహాన్ని చమత్కారంగానే దాటవేస్తుంది. యజమానురాలి ఇంట కూడా అతని కోపం దోపిడీని వదిలి, ఆమె కొడుకు పురుషత్వం మీదికి మళ్లుతుంది. సంభాషణలు వాస్తవం నుండి తీసుకున్నవే అనే సమర్థన పాక్షికమైనది. పాత్ర నోట నీచమైన మాట పలకడం వాస్తవికత. ఆ మాటకు ప్రేక్షకుని నవ్వును పురికొల్పడం రచన చేసిన ఎంపిక. హాన్సన్ సోదరులు తదనంతరం అభిమానపాత్రులుగా స్థిరపడటం కూడా పరిహాసం ఎంత సులభంగా ఆరాధనగా మారగలదో తెలుపుతుంది.

7. ముగింపు:

'స్లాప్ షాట్' హింసను పరిహసించింది. అదే సమయంలో దాని ఆకర్షణను వినియోగించుకుంది. ఈ రెండూ కలిసే ఉన్నాయని అంగీకరించడమే సరైన అంచనా. దాని బలం, ఆటగాళ్ల మొరటుతనానికి వెనుకనున్న నిరుద్యోగభయాన్ని ఎక్కడా మరుగుపరచకపోవడంలో ఉంది. చివరి ఊరేగింపులో డన్‌లాప్, తనకు మిన్నెసోటాలో శిక్షకుని ఉద్యోగం వచ్చిందనీ అందరినీ తీసుకుపోతాననీ ఉత్సాహంగా చెబుతాడు. ఫ్లోరిడా పుకారు తెలిసిన ప్రేక్షకుడు ఆ మాటను పూర్తిగా నమ్మలేడు. జట్టు లేదు, కర్మాగారం ఉండదు, ఊరేగింపు మాత్రం సాగుతుంది. ఆ నవ్వు అడుగున కరుణ ఉంది.