నీళ్ల కోత తెలిసిన చెయ్యి

హైదరాబాద్‌లో మియాపూర్, చందానగర్ మధ్య ఉన్న మదీనాగూడలో ఇల్లు కట్టుకునేవాళ్లు, పాత ఇల్లు బాగు చేయించుకునేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: బండలు కోయడానికి ఏ మిషన్ మంచిది? నా జవాబులో తడబాటు లేదు. సహజమైన రాయి అయితే నీళ్ల గొట్టం, బేస్ ప్లేటు ఉన్న 4 అంగుళాల మార్బుల్ కట్టర్. గ్రైండర్ కాదు. గీత గీసి నొక్కి విరిచే చేతి కట్టర్ అసలే కాదు.

చేతి కట్టర్ సిరామిక్ టైలుకు చక్కగా పనికొస్తుంది. ఫ్యాక్టరీలో ఒకే మందంతో చేసిన టైలు కాబట్టి గీత వెంటే విరుగుతుంది. తాండూరు బండ అలాంటిది కాదు. పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన సున్నపురాయి అది. ఒకే బండ ఒక మూల మందంగా, ఇంకో మూల పలచగా ఉంటుంది. నొక్కితే గీతను లెక్కచేయదు, లోపలి బలహీనత ఎటుంటే అటు విరుగుతుంది. దాన్ని కోసి తీరాలి.

రాళ్ల చరిత్ర క్లుప్తంగా చెప్తాను. తాండూరు నీలం, పసుపు బండలు వికారాబాద్ జిల్లావి. షాబాద్ బండల ఊరు షాబాద్ ఇప్పుడు కర్ణాటకలో ఉంది గానీ నిజాం రాజ్యంలో మనతోనే ఉండేది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడ్డాక ఈ బండలు నగరానికి దండిగా వచ్చాయని పెద్దవాళ్లు చెప్తారు. బేతంచెర్ల, కడప బండలకు, మార్కాపురం పలకలకు కూడా అభిమానులున్నారు. నా ఓటు మాత్రం తాండూరు నీలానికే. ఎండాకాలం మధ్యాహ్నం చెప్పులు విప్పి దాని మీద నిలబడినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

ఇక మిషన్. 4 అంగుళాలది అంటే 110 మి.మీ. బ్లేడు, 20 మి.మీ. రంధ్రం. 1200 వాట్లకు తగ్గకుండా చూసుకోండి. నిమిషానికి 13 వేల చుట్లు తిరిగితే బ్లేడు అంచు గంటకు దాదాపు 270 కిలోమీటర్ల వేగంతో రాయిని తాకుతుంది. కోత లోతు 30 మి.మీ. దాటుతుంది గనక మామూలు నేల బండకు చాలు. బేస్ ప్లేటు రాయి మీద ఆనుకుని సాగుతుంది కాబట్టి లోతు మారదు, గీత నిలుస్తుంది. ప్లేటు వంగే మిషన్ అయితే 45 డిగ్రీలకు వంచి మెట్ల అంచులకు ఏటవాలు కోత కూడా తీయొచ్చు. నీళ్లు బ్లేడును చల్లబరుస్తాయి, దుమ్మును అక్కడికక్కడే బురద చేస్తాయి. తడీ కరెంటూ కలిసే పని ఇది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) లేని లైనుకు ఈ మిషన్ తగిలించకండి.

బ్లేడు దగ్గర చాలామంది పొరబడతారు. బ్లేడు అంచులో వజ్రపు రవ్వలను పట్టి ఉంచే లోహం రాయికి తగ్గట్టు అరగాలి. అప్పుడే మొద్దుబారిన రవ్వ రాలి కొత్త రవ్వ బయటికొస్తుంది. గ్రానైట్ లాంటి గట్టి రాయికి మెత్తటి లోహం, రాపిడి పెట్టే మెత్తటి రాయికి గట్టి లోహం. ఇది తెలియక చీమకుర్తి గ్రానైట్‌ను గట్టి లోహపు బ్లేడుతో కోయబోతే అంచు నున్నబడి కోత ఆగిపోతుంది. తెలిసిన మేస్త్రీ అప్పుడు మిషన్‌ను తిట్టడు. సిమెంటు ఇటుకలో రెండు కోతలు కోసి పదును తెచ్చుకుంటాడు. నేల బండలకు ఖాళీలు లేని నిండు అంచు బ్లేడు గానీ టర్బో గానీ వాడాలి. పళ్ల బ్లేడు వేగంగా కోస్తుంది గానీ అంచులు పెచ్చులూడతాయి.

మిషన్ ఎంత మంచిదైనా పని చేతిదే. ఆ చేతుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. మంచి బండల మేస్త్రీ ముందు బండను వేలి కణుపుతో కొట్టి వింటాడు. కంగుమంటే తీసుకుంటాడు, బోలుగా పలికితే లోపల పగులుందని పక్కన పెడతాడు. మూలమట్టం పెట్టి గీత గీస్తాడు. తడి ఇసుక పరిచి బండ నిండుగా ఆనేలా పడుకోబెడతాడు; లేకపోతే కోత చివర ముక్క తన బరువుకే విరిగి మూల పోతుంది. మొదటి కోత 3 మి.మీ. లోతు మించదు, అది దారి చూపడానికే. రెండో కోతలో లోతుకు దిగుతాడు. చివరి అంగుళం మిగలగానే మిషన్ ఎత్తి, అవతలి అంచు నుంచి ఎదురొచ్చి కలుపుతాడు. కన్ను గీత మీద, చెవి మోటారు మీద. మోటారు గొంతు కాస్త కుంగగానే చేతి ఒత్తిడి తగ్గిస్తాడు.

గుమ్మం దగ్గర ఎల్ ఆకారపు కోతలో ఉంది అసలు పరీక్ష. రెండు కోతలు కలిసే లోపలి మూలలో పగులు పుట్టి బండ అడ్డంగా చీలుతుంది. అనుభవజ్ఞుడు ముందే ఆ మూలలో డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసి పగులుకు దారి లేకుండా చేస్తాడు. పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గుండ్రటి స్తంభం చుట్టూ బండ కూర్చడం చూశాను. సంచి కాగితం మీద వంపు గీసి కత్తిరించి రాయి మీదికి ఎక్కించాడు. వంపు పొడవునా వేలెడు దూరంలో గాట్లు పెట్టుకుంటూ పోయాడు. గాట్ల మధ్య పలుకులను పటకారుతో ఒక్కొక్కటే విరిచి, మిగిలిన ఎగుడుదిగుడును సానరాయితో నీళ్లు పోస్తూ అరగదీశాడు. కూర్చాక స్తంభానికీ బండకూ మధ్య పోస్టుకార్డు దూరలేదు! ఆయనకు దక్కింది ఆ రోజు కూలీ మాత్రమే. 1213 నాటి రామప్ప గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. రాతిపని తెలిసిన జాతి మనదని అంత గర్వపడేవాళ్లం, మన గుమ్మంలో కూర్చుని కోస్తున్న మనిషి పేరైనా అడగం.

నా కోపమంతా చౌక పని మీద. 100 మి.మీ. గ్రైండర్‌కు గార్డు పీకేసి, 110 బ్లేడు ఎక్కించి, చుక్క నీరు లేకుండా, ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని కుర్రాళ్లు కోస్తున్నారు. ఐటీ కారిడార్‌లో ఆ తెల్ల దుమ్ము చూడనివాళ్లెవరు? ఊపిరితిత్తుల అడుగుకు చేరే సిలికా రేణువు కంటికి కనిపించదు, తుండుగుడ్డకు ఆగదు. అది తెచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే సిలికా దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సున్నపురాయిలో సిలికా తక్కువ, గ్రానైట్‌లో ఎక్కువ. వంటగది గట్టుకు వేసే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్లో చాలావాటిలో 90 శాతం పైమాటే. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి వాటిని నిషేధించింది. ఇక్కడ వాటినే గొప్పగా అమ్ముతున్నారు, మన పిల్లలే పొడిగా కోస్తున్నారు.

ఇంకో అన్యాయం, తాండూరు నీలాన్ని అచ్చుకొట్టిన టైలు. పైపొర లేచిందంటే లోపలి రంగు బయటపడుతుంది. అసలు బండ ఎంత అరిగినా లోపలా అదే రాయి, మళ్లీ పాలిష్ పెట్టుకోవచ్చు. ఆ అసలు రాయి వేసిన చోటేమో సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ కుమ్మరిస్తారు. సున్నపురాయి యాసిడ్‌కు పొంగి, మెరుపు పోయి గరుకు తేలుతుంది. మేస్త్రీ పనితనమంతా ఒక్క సీసాతో సరి.

ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరికీ నా మనవి. రేటు మాట్లాడేటప్పుడే నీళ్ల కోత అని గట్టిగా చెప్పండి. అడుగుకు కాస్త ఎక్కువ అడిగితే బేరమాడకుండా ఇవ్వండి. ఒక డ్రమ్ము నీళ్లు, బురద నిలవడానికి ఒక గుంట మీరే ఏర్పాటు చేయండి. ఎన్-95 మాస్కులు మీరే కొనివ్వండి. పొడి కోత కనిపిస్తే పని ఆపించండి. అపార్ట్‌మెంట్ సంఘాలు మరమ్మతు పనుల వేళలు రాసే నోటీసులోనే, ఈ ఆవరణలో రాయిని పొడిగా కోయకూడదన్న వాక్యం కూడా రాసి లిఫ్టు పక్కన అంటించాలి.