విడివిడిగా వేపి, ఆఖర్న కలిపి

భోగికి నాలుగైదు రోజుల ముందే శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్ళలో నూనె మూకుళ్ళు పొయ్యికెక్కుతాయి. వంటల వరుస ఏ ఇంట్లో చూసినా ఇంచుమించు ఒకటే. ముందు అరిసెలు, పోకుండలు. తర్వాత జంతికలు, చెగోడీలు. అన్నీ అయ్యాక మిక్చర్. వాము, కారం తగిలిన నూనెలో అరిసె వేస్తే ఆ వాసన తీపికి పట్టేస్తుంది, అందుకే తీపి ముందు, కారం తర్వాత. పైగా ఆఖరి రోజుకి ఇంటిల్లిపాదీ బెల్లం రుచితో మొహం మొత్తి ఉంటారు. కారం డబ్బా ఎప్పుడు నిండుతుందా అని చూసేది అప్పుడే.

ఈ మిక్చర్ పండుగ మూడు రోజులకే పరిమితం కాదు. హైదరాబాద్, చెన్నై, విశాఖపట్నం వైపు పనులకీ ఉద్యోగాలకీ వెళ్ళినవాళ్ళు పెద్దపండుగకి ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగుతారు. కనుమ, ముక్కనుమ దాటాక అదే స్టేషన్లో రైలెక్కేటప్పుడు సంచిలో ఒక డబ్బా తప్పకుండా ఉంటుంది. ఆ డబ్బాలోది మూడు నాలుగు వారాలు కరకరలాడాలి. ఇంటి మిక్చర్‌లోని మెలకువలన్నీ ఈ ఒక్క అవసరం చుట్టూనే తిరుగుతాయి: దినుసులో తడి మిగలకూడదు.

ఇక్కడే వస్తుంది చిక్కు. మిక్చర్‌లో పడేవాటిలో ఏ రెండింటి తడీ ఒకటి కాదు. నీళ్ళతో కలిపిన శనగపిండి, రాత్రి నుంచి నీడన ఆరిన కరివేపాకు, మిల్లు నుంచి పొడిగా వచ్చిన అటుకులు, లోపల సగం దాకా నూనే ఉన్న వేరుశనగ గుళ్ళు, అప్పటికే వేగిన పుట్నాల పప్పు, అన్నీ ఒకే మూకుట్లోకి దిగాలి. కలిపి వేస్తే ఒకటి మాడేలోగా ఇంకొకటి పచ్చిగానే ఉంటుంది. అందుకే దేని వాయి దానిదే, దేని మంట దానిదే. కలపడం అనేది ఈ వంటలో చివరి పని, బహుశా అన్నిటికంటే సులువైన పని కూడా.

బూందీ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే చెయ్యి తిరిగిందో లేదో తేలేది అక్కడే. కిలో శనగపిండికి పావుకిలోకి కాస్త తక్కువగా బియ్యప్పిండి, ఉప్పు, రెండు గరిటెల కాగిన నూనె వేసి జారుగా కలుపుతారు. బియ్యప్పిండి కరకరకి. అది ఎక్కువైతే బూందీ పంటికి రాయిలా తగులుతుంది. చట్రాన్ని నూనెకు జానెడు ఎత్తులో పట్టి పిండి పోసి, అంచు మీద గరిటెతో తడితే చుక్కలు రాలతాయి. చుక్క చప్పిడిగా పరుచుకుంటే పిండి పలచనైంది, తోక లాగితే చిక్కబడింది. పిండి సరిగ్గానే ఉన్నా రెండో వాయికి తోకలు వస్తున్నాయంటే తప్పు చట్రానిది. మొదటి వాయి పిండి దాని అడుగున చిల్లుల చుట్టూ అంటుకుని ఆవిరికి గట్టిపడిపోతుంది. వాయి వాయికీ చట్రం తిప్పి అడుగు తుడిచే ఓపిక ఉన్న ఇంట్లో బూందీ ముత్యాల్లా వస్తుంది. ఇంత చిన్న పని చాలా వంటల పుస్తకాల్లో కనబడదు.

కారప్పూసకి కూడా అలాంటి ఒక రహస్యం ఉంది. సన్న బిళ్ళ వేసిన జంతికల గొట్టంలోకి వాము గింజలు గింజలుగానే వెళ్తే చిల్లులు పూడుకుపోతాయి, గొట్టం తిప్పేవాళ్ళ చేతులు పడిపోతాయి. వాముని నూరి, నీళ్ళలో కలిపి, గుడ్డలో వడకట్టి ఆ నీళ్ళతోనే పిండి తడపాలి. మూకుట్లో ఒకే పొరగా చుట్ట తిప్పాక పైకి లేచే నురగని చూస్తూ ఉండాలి. ఆ నురగంతా పిండిలోంచి ఆవిరై పోతున్న నీరే. నురగ ఆగింది, రంగు ఇంకా పసుపు మీదే ఉంది అన్న క్షణంలో తీసెయ్యాలి. నురగ ఉండగా తీస్తే రెండో రోజుకే మెత్తబడుతుంది. ఎర్రబడేదాకా ఉంచితే చేదెక్కుతుంది.

వేరుశనగ గుళ్ళ సంగతి వేరు. వాటిని కళ్ళతో కాదు, చెవులతో వేపాలి. నూనె గోరువెచ్చగా ఉండగానే పోసి, సన్న సెగ మీద కలుపుతూ ఉంటే చిటపటలు మొదలై, పెరిగి, మెల్లగా తగ్గుతాయి. "మంట ఆపీ పిల్లా, సప్పుడు తగ్గింది సూడు" అని పక్క గదిలోంచే కోడలికి చెప్పగలిగిన అత్తలు ఈ ప్రాంతంలో కొల్లలు. గింజలోని సొంత నూనె వేడిగా ఉండి, బయటికి తీశాక కూడా లోపల వేపుడు కాసేపు సాగుతూనే ఉంటుంది. అందుకే పళ్ళెంలో పోసేటప్పటికి రంగు కాస్త తక్కువగా ఉండాలి.

అటుకులు దీనికి పూర్తిగా ఎదురు. మందపాటి అటుకులే పనికొస్తాయి, నూనె బాగా కాగి ఉండాలి. ఇనుప జల్లెడలో గుప్పెడు పోసి ముంచగానే పువ్వుల్లా విచ్చుకుని తేలతాయి. ఐదారు లెక్కపెట్టే లోపు జల్లెడ పైకి లేవాలి. నూనె చాలినంత కాగకపోతే అటుకు పొంగదు, నూనె మాత్రం తాగేస్తుంది. పుట్నాల పప్పుకి అంత సేపు కూడా అక్కర్లేదు.

జీడిపప్పు విషయంలో శ్రీకాకుళం జిల్లాకి దిగులు లేదు. పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమలు దగ్గరే, ఉద్దానం తోటలు దగ్గరే. అయితే 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఆ తోటల్లో జీడి, కొబ్బరి చెట్లు విస్తారంగా కూలిపోయాయి. కొత్తగా నాటిన జీడి కాపుకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఇక రకాల మాటకొస్తే, జీడి వ్యాపారంలో 240 రకం అంటే పౌనుకి 220 నుంచి 240 గుండ్లు తూగేది. మిక్చర్‌కి అంత ఖరీదైన గుండు అవసరమే లేదు. బద్దే మేలు. చీలిన ముఖానికి ఉప్పూ కారం బాగా అంటుకుంటాయి.

మరో మాట. తాతల నాటి వంటగా చెప్పుకునే ఈ డబ్బాలో జీడి, వేరుశనగ, మిరప మూడూ అమెరికా ఖండాల నుంచి సముద్రాలు దాటి వచ్చినవే. అటుకులు, కరివేపాకు ఇక్కడివి. పండుగ వంట అంటే కదలకుండా నిలిచిపోయినది అనుకోనక్కర్లేదు. ఇప్పుడు కిరాణా కొట్టులో మొక్కజొన్న అటుకులు కొని కలుపుతున్న ఇళ్ళు కూడా అదే దారిలో ఉన్నాయి.

అన్నీ వేగాక ఆఖర్న కరివేపాకు, పొట్టుతోనే కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి వేపుతారు. వాటి వేడి తగ్గకముందే మెత్తటి ఉప్పు, కారం, చిటికెడు ఇంగువ వాటి మీద చల్లి చేత్తో నలిపి, ఆ పొడిని మిగతావాటిలో కలుపుతారు. కిలో మిక్చర్‌కి పదిహేను గ్రాముల ఉప్పు సరిపోతుంది. రాళ్ళుప్పు వేస్తే దినుసుకి అంటక అడుక్కి జారిపోతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి, లేకపోతే మూత కింద చెమట పడుతుంది. ఆరబెట్టడానికి పాత పేపర్లు పరిచే అలవాటు మానాలి. అచ్చు సిరా తిండికి అంటుతుందని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2023 సెప్టెంబరులో మరోసారి హెచ్చరించింది. తెల్ల నూలు గుడ్డ చాలు.

నూనె సంగతి కూడా గట్టిగా చెప్పుకోవాలి. అరిసెలు వేపిన నూనెలో అడుగున పిండి, బెల్లం మడ్డి చేరి నల్లబడుతుంది. ఆ నూనెతోనే మిక్చర్ లాగించేస్తే వారానికే ముక్క వాసన మొదలవుతుంది. నెల నిలవ ఉండాల్సిన వంటకి కొత్త నూనె పొయ్యడం ఖర్చే, కానీ తగ్గించకూడని ఖర్చు. మరిగి మరిగి పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదన్న నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. కొన్న మిక్చర్ ప్యాకెట్‌లోని నూనె ఎన్నిసార్లు కాగిందో కొన్నవాళ్ళకి తెలిసే దారి లేదు. ఇంట్లో తెలుస్తుంది. పిల్లలకి ఎంత కారం, బీపీ ఉన్న తాతకి ఎంత ఉప్పు అన్నదీ ఇంట్లోనే తెలుస్తుంది. ఉప్పు వేయకముందే తాత వాటా తీసి పక్కన పెట్టే ఇళ్ళున్నాయి. ఇంత శ్రమకి దక్కే విలువ ఇదే.

ఇలాంటి కలగలుపులు లోకంలో చాలాచోట్ల ఉన్నాయి. బెంగాల్ చనాచూర్, బ్రిటన్ దుకాణాల్లో బాంబే మిక్స్ పేరుతో అమ్మేది దీని చుట్టాలే. అమెరికాలో క్రిస్మస్ విందులకి చేసే చెక్స్ మిక్స్ 1950లలో ఒక అల్పాహారం కంపెనీ ప్రచారంతో ఇళ్ళలోకి వచ్చింది. అందులో అన్నీ కలిపేశాకే ఓవెన్‌లో పెడతారు. దినుసులన్నీ ముందే పొడిగా ఉంటాయి కాబట్టి అక్కడ అది చెల్లుతుంది.

ఉత్తరాంధ్రకి ఇంకో మిక్చర్ కూడా ఉంది, ఒడిశా తీరంతో పంచుకున్నది. ఉప్పునీరు పట్టించిన ఉప్పుడు బియ్యాన్ని కాగిన ఇసుకలో వేపితే క్షణాల్లో పొంగే మురీలతో చేసేది. ఫాల్గుణ పౌర్ణమికి శ్రీకూర్మంలో జరిగే మూడు రోజుల డోలోత్సవమైనా, విజయనగరంలో సిరిమానోత్సవమైనా, జనం చేరిన చోట మురీ మిక్చర్ బండి ఉండాల్సిందే. ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం పడ్డాక ఐదు నిమిషాల్లో తినెయ్యాలి, లేకపోతే మెత్తబడిపోతుంది.

డబ్బాలోని మిక్చర్ రైల్లో కుదుపులకి విడిపోతుంది. అటుకులు, కారప్పూస పైకి తేలి, బూందీ, పుట్నాలు, కారం పొడి అడుక్కి దిగుతాయి. భౌతికశాస్త్రంలో దీన్ని బ్రెజిల్ నట్ ప్రభావం అంటారు. పెట్టేముందు డబ్బా ఒకసారి తలకిందులు చెయ్యాలి. ఇంట్లో ఉన్న డబ్బాకి ఆ అవసరం రాదు, పైపైన తింటూనే రోజులు గడిచిపోతాయి. రథసప్తమికి అరసవల్లి దర్శనానికని చుట్టాలు మళ్ళీ దిగేసరికి డబ్బాలో మిగిలేది అడుగు పొడే. కొసరు కారమంతా అందులోనే ఉంటుంది కాబట్టి రెండు దోసిళ్ళ మురీలు, తరిగిన ఉల్లిపాయ, సగం నిమ్మచెక్క కలిపితే ఆ పూట చుట్టాలకి అదే పలారం.