పశ్చాత్తాపము – మారుమనస్సు

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో తెలుగువారు తరతరములుగా కాపురమున్నారు. పూరీ గేట్ దాటి వచ్చుపోవు జనుల మాటలలో తెలుగు, వంగభాష, హిందీ కలగలసి వినిపించును. అట్టి చోట క్రైస్తవ గ్రంథమును రెండు భాషలలో చదువగల పాఠకునికి ఒక చిన్న భేదము తోచకపోదు. అరణ్యములో యోహాను చాటిన ఆజ్ఞ వంగభాషలో 'మన్ ఫిరావ్', అనగా మనస్సును మరల్చుకొనుము. తెలుగులో అది 'మారుమనస్సు' పొందుట. మొదటిది దారి తప్పి నడచువానితో అన్న మాట. రెండవది చేయి చాచినవానితో అన్నది. మారిన మనస్సును మనము చేసికొనము, పొందుదుము. గ్రీకు మూలములోని 'మెతానోయియా' రెంటికిని చోటిచ్చును. లాటినులో అది ప్రాయశ్చిత్తము చేయుటగా మారెను. 1517 నాటి లూథరు 95 వాదములలో మొదటిదే ఈ మాటను గూర్చినది.

తెలుగు అనువాదకుల నేర్పు మరియొక చోట ఇంకను స్పష్టము. యూదా గురువును ముప్పది వెండి నాణెములకు అప్పగించి, శిక్ష విధింపబడుట చూచి, వాటిని దేవాలయములో పారవేసి ఉరిపోసికొనెను. గ్రీకులో అక్కడ క్రియ వేరు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదము ఆ భేదమును పాటింపక రెండు చోట్లను ఒకే మాట వాడెను. తెలుగు బైబిలు యూదాకు 'పశ్చాత్తాపము' మాత్రమే ఇచ్చినది. తాపము వెనుక వచ్చునది, కాల్చునది, కాల్చి ఊరకుండును. పేతురును అదే రాత్రి గురువునెరుగనని ముమ్మారు బొంకి ఏడ్చెను. ఇద్దరి దుఃఖమును తూచి హెచ్చుతగ్గులు చెప్పలేము. ఒకడు దుఃఖముతో ఒంటరియయ్యెను, ఒకడు తోడివారి యొద్దకు మరల వచ్చెను. ఇక జక్కయ్య కథలో ఈ రెండు మాటలలో ఏదియు లేదు! ఆ సుంకరి తన ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు మరలింతుననియు చెప్పును. కన్నీరు లేదు, లెక్క ఉన్నది.

మన క్రైస్తవ కీర్తనలలో ఈ లెక్క తక్కువ. పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణకులమున పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, రాగతాళములతో కూడిన మన కీర్తన సంప్రదాయములోనికి క్రీస్తును తెచ్చెను. పాపి మొర అందువలన రామదాసు మొరకు పొరుగున చేరినది. ఆ లాభము గొప్పదే. అయినను మొర దేవునికిని భక్తునికిని నడుమనే నిలిచిపోవును. నాలుగంతలు పుచ్చుకొనవలసినవాడు పాటలోనికి రాడు.

బ్రతుకు మారుట ఎట్టిదో ఒంగోలు చరిత్ర బాగుగా చూపును. 1876–78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ పనిలో కొంత గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటికై మతము మారుదురేమో యను శంకతో అంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పెక్కురు మాదిగలు. వారికి మారుమనస్సనగా చచ్చిన పశువు మాంసము మానుట, ఆదివారము పనికి పోకుండుట, జాతరలో డప్పు కొట్టకుండుట. డప్పు ఆగినప్పుడే ఊరి పెద్దలకు కోపము వచ్చినది. దండోరా వేయువాడు లేక కులవ్యవస్థకు తొలిసారిగా నష్టము లెక్కకు వచ్చినదన్నమాట.

గుఱ్ఱం జాషువ (1895–1971) పుట్టినది అట్టి క్రైస్తవ సమాజములోనే. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినది. కాని మన విషయమునకు 1941 నాటి 'గబ్బిలము'నే నేను ముందుంచుదును. అందులో అస్పృశ్యుడు తన గోడును కాశీ విశ్వేశ్వరునికి గబ్బిలముచేత చెప్పి పంపును. అతడు మన్నింపు కోరుట లేదు. తప్పు తనది కాదు. మారుమనస్సు పొందుమన్న బోధ మాదిగపల్లెలో గట్టిగా వినిపించినంతగా ఊరి నడుమ వినిపింపలేదు. జాషువ దానిని అక్కడికి త్రిప్పినాడు, క్రీస్తు పేరెత్తక, శివుని ఇంటి వాకిలినుండి. గుడిలోనికి గబ్బిలమునకు ప్రవేశమున్నది, అతనికి లేదు. అందుకే దూత గబ్బిలమైనది.